చుక్క కారని ఇంజన్లు

రాదిసావ్ ఏ బండి దగ్గరికి వెళ్లినా ముందు ఇంజన్‌లో ఆయిల్ మట్టం చూసే పుల్ల లాగుతాడు. దాన్ని ఎడమ తొడ మీద ప్యాంటుకు తుడుస్తాడు. మళ్లీ లోపలికి దించి, లాగి, కొసన నిలిచిన చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దుతాడు. వాసన చూస్తాడు. ఆ తర్వాతే తలెత్తి బండివాణ్ని పలకరిస్తాడు.

అతని ప్యాంట్లన్నిటికీ ఎడమ తొడ నలుపు. ఆ మరక వదిలించే ప్రయత్నం భార్య ల్యుబింక ఎప్పుడో మానేసింది. చర్చికి వేసుకునే ప్యాంటు ఒక్కటి మాత్రం తన బీరువాలో దాచుకుంటుంది. ఇచ్చేటప్పుడు "దారిలో ఎవరి బానెట్టూ ఎత్తకు" అని చెప్పి మరీ ఇస్తుంది. ఒకసారి శవపేటిక తీసుకెళ్లడానికి వచ్చిన బండి చప్పుడు అతనికి నచ్చలేదు. పేటిక లోపలికి ఎక్కించేలోగా పుల్ల లాగి చూశాడు. ఆయిల్ లీటరు తక్కువుంది. పోశాకగానీ బండిని కదలనివ్వలేదు. పోయినవాడి కొడుకు ఏడుపు మధ్యలోనే చేతులు పట్టుకుని కృతజ్ఞత తెలిపాడు. ప్యాంటు మాత్రం పాడైపోయింది.

అతనికి అరవై నాలుగేళ్లు. ఊరు క్రివొదొల్, కనుమ అడుగున. ఊరి చివర వంతెన పక్కన ఇల్లు. పైన కాపురం, కింద షెడ్డు. షెడ్డులో బండి కిందికి దిగి పనిచేసుకునే గుంత. ఆ గుంతను అతను ఒక వేసవంతా గడ్డపారతో తవ్వుకున్నాడు. రాతినేల. ఇప్పటికీ అందులోకి దిగినప్పుడల్లా గోడను ఒకసారి అరచేత్తో తడుముతాడు.

పని నేర్చుకున్నది కనుమకు అవతల, పట్నంలోని బస్సు డిపోలో. పందొమ్మిదేళ్లు అక్కడే చేశాడు. తర్వాత దేశం చుట్టూ సరిహద్దులు మూసేశారు. పెట్రోలును రోడ్డు పక్కన శీతలపానీయాల సీసాల్లో అమ్మే రోజులవి. డిపోలో సగం బస్సుల చక్రాలు విప్పి మిగతా సగానికి తగిలించారు. ఆపైన విప్పడానికి కూడా ఏమీ మిగలక, అతను ఇంటికి వచ్చి షెడ్డు తెరిచాడు.

అప్పుడు ప్యాకింగులు దొరికేవి కావు. ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ ఛాంబర్‌ను ఇంజన్‌కు బిగించేటప్పుడు మధ్యలో పలచని ప్యాకింగ్ ఒకటి పెట్టాలి. లేకపోతే కారుతుంది. అతను పోస్టాఫీసు అట్టలు కత్తిరించాడు. వంటింటి నేల మీద పరిచే ప్లాస్టిక్ షీటు కత్తిరించాడు. పాత సైన్యం బూట్ల తోలు కత్తిరించాడు. అన్నీ కారాయి. ఆ కొండల్లో బండి కారడం చిన్న విషయం కాదు. చుట్టపుచూపుగా వెళ్లినవాడి బండి ఇంటివాళ్ల రాతివాకిట్లో మరక వదిలితే ఆ మాట ఏడాదిపాటు నలుగుతుంది. ఇంటావిడ మరక మీద బూడిద పోస్తూ ఎదురింటివాళ్లకు వినిపించేలా మాట్లాడుతుంది.

ఒక చలికాలం ఎవరో సరిహద్దు దాటించి ఎర్ర పేస్టు గొట్టాలు తెచ్చారు. పిండితే మెత్తగా వచ్చి, ఆరాక రబ్బరులా గట్టిపడుతుంది. రాదిసావ్ దాన్ని ఛాంబర్ అంచు చుట్టూ చిటికెన వేలంత లావున పిండి బిగించాడు. మర్నాడు బండి కింద తెల్ల కాగితం పరిచి చూశాడు. కాగితం తెల్లగానే ఉంది.

అప్పట్నుంచి అతని పేరు కనుమకు రెండు పక్కలా పాకింది. రాదిసావ్ మూసిన ఇంజన్ చుక్క కారదు. సరిహద్దులు తెరిచారు, ప్యాకింగులు ప్లాస్టిక్ కవర్లలో వచ్చాయి. అతను వాటిని కొని గోడకు మేకుకు తగిలించేవాడు. వాడేది మాత్రం పేస్టే.

గురువారం పొద్దున్నే మిలుతిన్ తన వ్యాన్‌ను వాకిట్లోకి తెచ్చి, ఇంజన్ ఆపి, దిగకుండా కాసేపు కూర్చున్నాడు. తర్వాత దిగాడు.

"కూమా, దీపం వెలిగింది."

మిలుతిన్ పెళ్లికి సాక్షిగా నిలబడింది రాదిసావ్. అతని కూతురికి పేరు పెట్టిందీ అతనే. అలాంటివాళ్లు ఒకరినొకరు కూమ్ అని పిలుచుకుంటారు. అక్కడ అన్నదమ్ములు కొట్టుకోవచ్చు, కోర్టుకెక్కవచ్చు. కూమ్‌తో అబద్ధమాడకూడదు.

"ఏ దీపం? చర్చిలోదా?"

"వేళాకోళం వద్దు. ఎర్రది. ఆయిల్‌ది. నిన్న పట్నం నుంచి వస్తూ కనుమ ఎక్కుతుంటే మినుకు మినుకుమంది, పైకొచ్చేసరికి నిలబడి వెలిగింది. లోపల నలుగురూ ఉన్నారు. తొదోర్‌కి వాంతి వస్తోందంటే పైన ఆపాను. పది నిమిషాలయ్యాక స్టార్ట్ చేస్తే దీపం లేదు. సగం దిగాక మళ్లీ వచ్చింది."

ఆ నలుగురినీ మిలుతిన్ సోమ, బుధ, శుక్రవారాల్లో పట్నం ఆస్పత్రికి తీసుకెళ్తాడు. అక్కడ నాలుగేసి గంటలు యంత్రం వాళ్ల రక్తం కడుగుతుంది. మళ్లీ తీసుకొస్తాడు. పంతులమ్మ దారింక, గొర్రెల తొదోర్, ముప్ఫై ఏళ్లయినా నిండని నెవెన, రాదిసావ్ సొంత అక్క స్తామెన. పోయిన ఏడాది మంచుకు కనుమ ఐదురోజులు మూసేదాకా ఐదో మనిషి కూడా ఉండేవాడు.

"రేపు శుక్రవారం," అన్నాడు మిలుతిన్.

"తెలుసు."

"ఆస్పత్రికి ఫోన్ చేశాను. వాళ్ల బండి సోమవారం దాకా ఖాళీ లేదట."

రాదిసావ్ అప్పటికే వ్యాన్‌లోకి వంగి, రెండు సీట్ల మధ్యనున్న ఇంజన్ మూత ఎత్తాడు. పుల్ల లాగాడు, తుడిచాడు, దించాడు, లాగాడు. మట్టం సరిగ్గానే ఉంది. వేళ్ల మధ్య రుద్దాడు. పలచగా జారింది. వాసన చూశాడు.

"ఏం ఆయిల్ పోశావ్?"

మిలుతిన్ వంతెన వైపు చూశాడు. "పోయిన నెల రెండు లీటర్లు తగ్గితే... పట్నం సంతలో ఒకాయన..."

"డ్రమ్ములోంచి కొలిచి పోశాడా?"

"సీల్ ఉన్న డ్రమ్మే."

రాదిసావ్ నడుం ఎత్తి నిలబడ్డాడు. అతను అరిచే మనిషి కాదు. ఆ పొద్దున అరిచాడు. "నలుగురి ప్రాణాలు మోసే బండికి డ్రమ్ము ఆయిల్ పోస్తావా? నీకు బుద్ధుందా? ఇంజన్ అంటే గాడిద అనుకున్నావా, ఏది పెడితే అది మేయడానికి? లోపల తారు పట్టి ఉంటుంది. నేను చేతులు అరగదీసుకుని మూసిన ఇంజన్ అది!"

వంతెన మీద బల్లపై కూర్చున్న ముసలి బొగోసావ్ చేతికర్ర ఆనించుకుని తల ఇటు తిప్పాడు. ఆయనకు వినబడితే ఊరికి వినబడినట్టే. మిలుతిన్ చెవులు ఎర్రబడ్డాయి.

రాదిసావ్ మొదట దీపం సంగతి చూశాడు. ఆయిల్ స్విచ్ నుంచి వైరు పీకితే దీపం ఆరింది. ఇనుముకు తాకిస్తే వెలిగింది. వైరు మంచిదే. స్విచ్ విప్పి, ఆ బొక్కలో ఆయిల్ ప్రెషర్ చూపే, డిపో రోజుల నాటి ఇత్తడి గేజి గొట్టాన్ని బిగించాడు. దీపం అబద్ధం చెప్పొచ్చు. గేజి ముల్లు చెప్పదు. గేజిని సీట్ల మధ్య ఒక చెక్కకు కట్టి, పాత ఆయిల్ దించి చిక్కటి కొత్త ఆయిల్ పోసి, స్టార్ట్ చేశాడు.

ముల్లు నాలుగు మీద నిలబడింది.

"హమ్మయ్య," అన్నాడు మిలుతిన్.

"ఆగు. చల్లటి ఇంజన్ ఎవరికైనా నాలుగు చూపిస్తుంది."

ఇంజన్ వేడెక్కేదాకా ఇద్దరూ ముల్లునే చూస్తూ నిలబడ్డారు. స్లోలో ముల్లు ఒకటింబావుకు దిగింది. అది మామూలే. కాస్త యాక్సిలరేటర్ తొక్కితే మూడు. రాదిసావ్ తల ఊపాడు. "నీ డ్రమ్ము ఆయిలే."

అయినా కనుమ రోడ్డు ఎక్కించి చూద్దామన్నాడు. మిలుతిన్ నడిపాడు. రాదిసావ్ గేజి మీదికి వంగి కూర్చున్నాడు. మొదటి మలుపులో మూడు. రెండో మలుపులో మూడు. ఎత్తు పెరిగి, బండి బరువుగా లాగడం మొదలయ్యాక ముల్లు కదిలింది. రెండున్నర. రెండు. ఒకటి. ఎర్ర దీపం స్విచ్ తీసేశారు కాబట్టి వెలగలేదు, అంతే.

"ఆపు!"

దారిలోని నీటి ఊట పక్కన ఆపారు. పైన శిఖరాల మీద మొదటి మంచు సన్నగా పడి ఉంది. మిలుతిన్ సిగరెట్ కాల్చాడు. పావుగంట తర్వాత మళ్లీ స్టార్ట్ చేస్తే మూడు. రెండు కిలోమీటర్లు ఎక్కేసరికి ఒకటి.

"విశ్రాంతి ఇస్తే కుదుటపడుతోంది, నాలాగే," అన్నాడు మిలుతిన్. నవ్వు రాలేదు.

రాదిసావ్ గేజి అద్దం మీద బొటనవేలు పెట్టి కూర్చున్నాడు. బేరింగులు అరిగితే ఆయిల్ ప్రెషర్ స్లోలో పడిపోయి, తొక్కితే లేస్తుంది. ఇక్కడ అందుకు పూర్తిగా తిరగబడి ఉంది. తొక్కేకొద్దీ పడుతోంది. ఆపి పావుగంట ఉంచితే లేస్తోంది. అరిగిన ఇనుము విశ్రాంతితో నయం కాదు.

"ఛాంబర్‌లో ఏదో తిరుగుతోంది," అన్నాడు. "ఆయిల్ పీల్చే గొట్టం మూతికి జల్లెడ ఉంటుంది. ఇంజన్ గట్టిగా పీల్చినప్పుడు అది వచ్చి జల్లెడకు అంటుకుంటోంది. ఆపితే రాలిపోతోంది."

"ఏది?"

"నీ తారు."

వెనక్కి వచ్చి వ్యాన్‌ను గుంత మీదికి ఎక్కించారు. మిలుతిన్ ఆ నలుగురికీ కబురు చెప్పిరావాలి. వాళ్లలో ఇద్దరికి ఫోన్ ఎత్తే అలవాటు లేదు.

"ఏం చెప్పమంటావ్ కూమా? రేపు ఉన్నట్టా, లేనట్టా?"

"ఉందని చెప్పు."

"నమ్మకంగా?"

"మేస్త్రీ మాట."

అతను వెళ్లాక రాదిసావ్ గుంతలోకి దిగాడు. గోడ తడిమాడు. పోసిన కొత్త ఆయిల్‌ను శుభ్రమైన బకెట్టులోకి దించి, ఛాంబర్ బోల్టులు ఒక్కొక్కటీ విప్పాడు. అన్నీ విప్పినా ఛాంబర్ రాలేదు. ఎర్ర పేస్టు పట్టుకుని ఉంది. వంటకత్తి తెచ్చి అంచు చుట్టూ కోశాడు. కోస్తూ తృప్తిగానే ఉన్నాడు. ఆరు నెలలైంది మూసి, అంచు పొడిగా ఎండిన ఎముకలా ఉంది.

ఛాంబర్ చేతుల్లోకి దిగింది. దీపం పట్టి పైకి చూశాడు.

జల్లెడ సగం ఎర్రగా ఉంది.

వేలు పెట్టాడు. మెత్తటి, జారే, వానపాముల్లాంటి ముక్కలు. ఒకటి లాగాడు, చిటికెన వేలంత పొడుగుంది. ఇంకొకటి. ఛాంబర్ అడుగున మిగిలిన ఆయిల్‌లో ఇంకా ఉన్నాయి. తారు ఎక్కడా లేదు. జల్లెడ కన్నాల్లో ఎర్రటి నలుసులే తప్ప నల్లటిది ఏమీ లేదు.

మే నెలలో మూశాడు ఈ ఇంజన్. కూమ్ బండి కదా అని రెండు వరసలు పిండాడు. బిగించినప్పుడు బయటికి పొంగినదాన్ని వేలితో తుడిచి, గుడ్డతో మెరుగుపెట్టాడు. లోపలికి ఎంత పొంగిందో చూడలేదు. ఈ ఇరవై ఏళ్లలో ఎప్పుడూ చూడలేదు. మూశాక లోపల చూడటానికి దారి ఉండదు.

పాత వార్తాపత్రిక పరిచి ముక్కల్ని దాని మీద పెట్టాడు. పదకొండు.

ల్యుబింక చిక్కుడుగింజల పులుసు గిన్నె, రొట్టె పట్టుకుని మెట్లు దిగింది. పత్రిక దగ్గర ఆగింది.

"ఏంటవి, పురుగులా?"

"పేస్టు."

"ఎవరిది?"

"ఎవరిదైతే ఈ షెడ్డో వాడిది."

ఆమె గిన్నె పనిబల్ల మీద పెట్టింది. ఏప్రన్‌తో చేతులు తుడుచుకుంటూ ముక్కల్నీ, మొగుడినీ చూసింది.

"పొద్దున వాడి మీద అరిచావు కదా. పైన వంటింట్లోకి వినబడింది."

"ఊఁ."

"బొగోసావ్ తాత అప్పుడే దుకాణం దాకా వెళ్లి చెప్పొచ్చాడట. మిలుతిన్ బండిలో మురికినూనె పోస్తున్నాడని. మిలుతిన్ వాళ్లావిడ మధ్యాహ్నం రొట్టె కోసం వెళ్తే అందరూ నోరు మూసుకున్నారట."

రాదిసావ్ ముక్కల్ని పత్రిక మీద వరసగా సర్దాడు.

"పైన పొయ్యి మండుతూనే ఉంది," అంది చివరికి. "నేనేమీ చూడలేదు."

మెట్లెక్కి వెళ్లిపోయింది.

పులుసు మీద పొర కట్టింది. రాదిసావ్ మళ్లీ గుంతలోకి దిగాడు. ఆయిల్ అందక బేరింగులు ఎంత నలిగాయో చూడాలి. పిస్టన్లకు కలిపిన నాలుగు రాడ్‌లకూ కిందనున్న టోపీలు ఒక్కొక్కటే విప్పి, లోపలి బేరింగును గుడ్డతో తుడిచి, దీపం కింద గోరుతో గీసి చూశాడు. మొదటిది నున్నగా ఉంది. రెండోది నున్నగా ఉంది. మూడోదాని మీద గోరు ఆగింది. ఒక సన్నటి గీత. అడుగునున్న రాగిపొర ఇంకా బయటపడలేదు. నాలుగోది నున్నగా ఉంది. కొత్త బేరింగులు పెద్ద నగరం నుంచి రావాలి. మంగళవారం లోపు రావు.

మూడోదాని మీద గోరు ఇంకోసారి గీశాడు. ఆగింది.

వసంతం నుంచి తను మూసిన ఇంజన్లు లెక్కపెట్టాడు. రంపపు మిల్లు లారీ, ఫాదర్ గారి కారు, తేనెపట్టుల ముసలాయన జీపు, తన సొంత కారు. ఏడయ్యాయి. ఏడు దగ్గర లెక్క ఆగలేదు, అంతకు ముందు ఏడాదిలోకి వెళ్లింది. అంతకు ముందు. మూడు చలికాలాల కిందట జివోత అనే అతని బండి ఇంజన్ కనుమ మీద బిగుసుకుపోయింది. మధ్య బేరింగు నీలంగా మాడిపోయింది. "ఆయిల్ వేళకి మార్చలేదు నువ్వు," అన్నాడు తను. జివోత మార్చాననే అన్నాడు. రెండుసార్లు అన్నాడు. తను భుజాలు ఎగరేశాడు. ఆ బండి ఇనుపసామాను వాడికి పోయింది. జివోత ఇప్పుడు వంతెన మీద ఎదురైతే తల దించుకుని వెళ్తాడు. రాదిసావ్ ఇన్నాళ్లూ అది సిగ్గు అనుకున్నాడు.

మూడు గంటలకు మిలుతిన్ వచ్చాడు.

"చెప్పొచ్చాను. మీ అక్క అడిగింది, రాదిసావ్ చూశాడా అని. చూశాడంటే, అయితే సరే అంది. నెవెనకు కాళ్లు ఉబ్బున్నాయి. తొదోర్..."

రాదిసావ్ పత్రికను అతని ముందుకు జరిపాడు.

"ఇదీ నీ తారు."

మిలుతిన్ వంగాడు. ఒక ముక్క తీసి సాగదీశాడు. అది సాగి మళ్లీ ముడుచుకుంది. అతనికి అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఎర్ర పేస్టును కనుమకు ఇటుపక్క వేరేవాళ్లు ఎవరూ వాడరు.

"ఇది నీది."

"నాదే. ఎక్కువ పిండాను. లోపల ఊడి జల్లెడకు అడ్డంపడింది. నీ ఆయిల్‌కీ దీనికీ సంబంధం లేదు."

"పొద్దున..."

"అవును."

"బొగోసావ్ ముందు..."

"అవును కూమా."

మిలుతిన్ ముక్కను పత్రిక మీద పెట్టి వేళ్లు తుడుచుకున్నాడు. బయటికి వెళ్లాడు. వంతెన మధ్యదాకా నడిచి, కడ్డీ పట్టుకుని నీళ్లలోకి చూస్తూ నిలబడ్డాడు. రాదిసావ్ షెడ్డు తలుపులోంచి అతని వీపునే చూశాడు. పిలవలేదు. మిలుతిన్ తిరిగి వచ్చినప్పుడు ముఖం పాలిపోయి ఉంది.

"నా కూతుర్ని ఎత్తుకుని చర్చిలో నిలబడ్డావు నువ్వు. సరే. అదంతా తర్వాత తిట్టుకుందాం, మనకి బోలెడు చలికాలం ఉంది. రేపు బండి వెళ్తుందా, వెళ్లదా?"

"వెళ్తుందనుకుంటున్నాను."

"అనుకుంటున్నావా! పొద్దున మేస్త్రీ మాట అన్నావు."

"పొద్దున నాకు తెలుసనుకున్నాను." రాదిసావ్ మూడో బేరింగును అతని అరచేతిలో పెట్టాడు. "గోరుతో గీయి."

మిలుతిన్ గీశాడు.

"తగిలిందా? మిగతా మూడూ బాగున్నాయి. దీనికి గీత పడింది. మంచి ప్రెషర్ ఉంటే ఇది నెలలు నడుస్తుంది. ప్రెషర్ పడితే గంట కూడా నడవదు. జల్లెడ కడుగుతాను, పంపు విప్పి కడుగుతాను, ఆయిల్ దారులు గాలికొట్టి ఊదుతాను. ఎక్కడో ఒక ముక్క నా కంట పడకుండా మిగిలిపోదని మాత్రం ప్రమాణం చేయలేను."

"నీ కారు?"

"అదీ నేనే మూశాను."

మిలుతిన్ నవ్వాడు. ఆ నవ్వు ఇద్దరికీ ఇబ్బందిగానే ఉంది. "కనుమకి ఇటుపక్క నువ్వు మూయని ఇంజన్ ఒక్కటైనా ఉందా?"

"బొగోసావ్ ట్రాక్టర్ ఉంది. అది ముప్ఫై ఏళ్లుగా కారుతూనే ఉంది."

మిలుతిన్ కోటు విప్పి మేకుకు తగిలించాడు. "ఏం పట్టుకోమంటావో చెప్పు."

ఇద్దరూ కడిగారు. జల్లెడలో ప్రతి కన్నాన్నీ సూదితో పొడిచారు. పంపులో ఇంకో రెండు ముక్కలు దొరికాయి. మొత్తం పదమూడు. రాదిసావ్ ఇంజన్ అంచుకు అంటుకున్న ఎర్రదనాన్ని గోళ్లతో గీకాడు, కత్తితో గీకాడు, మళ్లీ గోళ్లతో గీకాడు. తర్వాత గోడ మీది మేకు నుంచి ప్యాకింగ్ ఒకటి తీశాడు. కవరు మీద దుమ్ము పేరుకుని ఉంది. పలచటి, బూడిదరంగు కాగితం ప్యాకింగ్. ఒట్టిదే పెట్టి బిగించాడు.

"పేస్టు?" అన్నాడు మిలుతిన్ అలవాటు కొద్దీ.

"వద్దు."

పొద్దు వాలేలోగా ఊట దాకా మూడుసార్లు ఎక్కి దిగారు. ముల్లు మూడు మీద నిలిచింది. రెండోసారి నిలిచింది. మూడోసారి మిలుతిన్ కావాలని గట్టిగా తొక్కాడు, అయినా నిలిచింది. వాకిట్లో ఆపి పది నిమిషాలు చూశారు. వ్యాన్ కింద రాతి మీద ఒక చుక్క పడింది. కాసేపటికి ఇంకొకటి. పాత అంచు కొంచెం వంకరపోయింది, కాగితం దాన్ని పూర్తిగా పట్టుకోలేదు.

"కారుతోంది," అన్నాడు మిలుతిన్.

"కారనీ. రోజూ మట్టం చూసి పోస్తాను."

రాదిసావ్ వంతెన మీదికి వెళ్లాడు. బొగోసావ్ లేవబోతున్నాడు.

"తాతా, పొద్దున నేనన్న మాట తప్పు. మిలుతిన్ ఆయిల్ మంచిదే. పాడుచేసింది నేను."

"ఆఁ? ఏమన్నావ్?"

"పాడుచేసింది నేను. నా పేస్టు."

ముసలాయన చేతికర్రను రెండు చేతులతో పట్టుకుని అతన్ని పైకీ కిందికీ చూశాడు. "పొద్దున లోయంతా మోగేలా అరిచావు. ఇప్పుడు పిల్లి గొంతుతో చెప్తే ఎట్లా? ఆ దుకాణందాకా నేను మళ్లీ నడవాలా, నువ్వు నడుస్తావా?"

రాదిసావ్ నడిచాడు. దుకాణంలో ఐదుగురున్నారు. వాళ్లకు చెప్పాడు. ఒకడు నవ్వాడు, ఒకడు వెంటనే లేచి తన బండి సంగతి అడిగాడు. రంపపు మిల్లు వాడు గ్లాసు కింద పెట్టి, "నా లారీ రేపు దుంగలు ఎక్కించుకోవాలి," అన్నాడు.

"ఎక్కించకు," అన్నాడు రాదిసావ్. "శనివారం నా గుంత మీదికి తీసుకురా."

ఇంటికి వచ్చి మిగతావాళ్లకు ఫోన్లు చేశాడు. జివోతకు చేయలేదు. అది ఫోన్లో చెప్పే మాట కాదనుకున్నాడు. అలా అనుకోవడం భయమా, మర్యాదా అన్నది ల్యుబింక పక్కన పడుకున్నాక కూడా తేల్చుకోలేకపోయాడు.

మర్నాడు ఐదున్నరకు అతను మిలుతిన్ పక్కన, గేజిని మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ప్రతి ఇంటి ముందూ, మనిషి వ్యాన్ ఎక్కేలోగా తను దిగాడు. నాలుగు ఇళ్ల ముందూ అవే మాటలు చెప్పాడు. తప్పు నాది. బాగుచేశాను. నిలుస్తుందనుకుంటున్నాను. ఖాయంగా తెలియదు.

పంతులమ్మ దారింక అంతా విని, "నువ్వు వస్తున్నావా మాతో?" అని అడిగింది.

"వస్తున్నానండి."

"అయితే దారి వదులు, చలేస్తోంది."

తొదోర్, బండి ఆగితే తోస్తానన్నాడు. తోసే ఒళ్లేనా అది అని మిలుతిన్ లోపల్నుంచి అరిచాడు. నెవెన ఉబ్బిన కాళ్లకు చెప్పులు పట్టక, మందపాటి ఊలు మేజోళ్లతోనే వచ్చింది. ఎక్కేటప్పుడు రాదిసావ్ భుజం పట్టుకుంది.

అక్క ఇల్లు చివర. స్తామెన గేటు దగ్గరే సంచి పట్టుకుని నిలబడి ఉంది. అతను చెప్పడం పూర్తయ్యేదాకా తల వంచుకుని విన్నది.

"బాగుచేసింది కూడా నువ్వేనా?"

"నేనేనక్కా."

"ఇంకో మేస్త్రీ ఎవరైనా చూశాడా?"

"లేదు. ఇంకెవరూ లేరు."

ఆమె వ్యాన్ వైపు చూసింది, కొండ వైపు చూసింది. సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "నేను ఎక్కకుండా ఉండగలిగితే ఎక్కేదాన్ని కాదురా తమ్ముడూ," అంది. "ఆ ముల్లు నువ్వొక్కడివే చూసుకుంటూ కూర్చోకు. ఎంత ఉందో పైకి చెప్పు. మాకూ వినబడాలి."

అతను ఆమెను ఎక్కించి తలుపు మూశాడు. తన చోట కూర్చున్నాడు. మొదటి మలుపు దగ్గర "మూడు" అన్నాడు. ఊట దగ్గర "మూడు" అన్నాడు. ఎత్తులో ఇంజన్ గొంతు మారినప్పుడు వెనక నలుగురూ ముందుకు వంగారు. అతను ముఖం గేజి దాకా దించి, "రెండుముప్పావు" అన్నాడు, దాచుకోకుండా, అందరికీ వినబడేలా. తర్వాతి మలుపు దగ్గర మళ్లీ చూసి, మళ్లీ చెప్పాడు.